నేను కట్టిన చేపల తొట్టి

నా సడ్డకుడంటే నాకు పడదు. సడ్డకుడంటే తోడల్లుడు, నా భార్య చెల్లెలి మొగుడు. ఈ ముక్క ముందే చెప్పేస్తే మంచిది, ఎందుకంటే చేపల సంగతి మొత్తం ఇందులోంచే పుట్టింది. అతను నాకు చేసిన ద్రోహం ఏమీ లేదు. వెతికి వెతికి అతని మీద నేను మోపగలిగిన నేరం ఒక్కటే. అతనికి ప్రతిచోటా తెలిసినవాడు ఒకడుంటాడు. ఏసీ ఆగిపోతే తెలిసినోడున్నాడు, పాస్‌పోర్టు చిరిగితే తెలిసినోడున్నాడు, పన్ను నొప్పెడితే తెలిసినోడున్నాడు. "నాకు తెలిసినోడున్నడన్నా" అని వాడు నోరు తెరిస్తే చాలు, అరికాలి మంట నెత్తికెక్కేది నాకు.

అతణ్ని దుబాయ్ తెచ్చింది నేనే. మా ఊళ్లలో అబుదాబీని కూడా దుబాయ్ అనే అంటాం. కంపెనీ ముదీర్, అంటే మేనేజరు ముందు చేతులు కట్టుకుని నిలబడి, మా ఇంటి అల్లుడు సార్ అని బతిమాలి వీసా తీయించాను. మఫ్రఖ్‌లోని మా గ్లాసు యార్డులో రెండేళ్లు నా కిందే పని చేశాడు. అద్దం ఎలా పట్టుకోవాలో నేర్పాను, అద్దాల్ని అతికించే సిలికాన్ జిగురు ఎలా లాగాలో నేర్పాను. చెయ్యి కాస్త కుదురుకుందో లేదో, ఎవడో తెలిసినోడు దొరికాడు. ఏసీ వ్యాన్‌లో తిరుగుతూ కిరాణా కొట్లకు బిస్కెట్లు, జ్యూసులు వేసే ఉద్యోగంలోకి దూకేశాడు. నేను మాత్రం నలభయ్యో అంతస్తు బయట వేలాడే క్రేడిల్‌లో నిలబడి, ఇసుక గాలి మింగుతూ, అద్దాల మధ్య సందులు పూడుస్తూనే ఉన్నాను. సాయంత్రం అతను ఇస్త్రీ నలగని చొక్కాతో ఇంటికొచ్చి, "అన్నా, ఇయ్యాల ఎండ బాగ గొట్టింది గదా" అనేవాడు. వాడికేం తెలుసు నా బొంద, ఎండ సంగతి!

ఇంత కడుపుమంటతో కూడా ఇద్దరం ఒకే కప్పు కింద ఉండేవాళ్లం. బనియాస్‌లో ఒక పాత విల్లా వెనక భాగం. మాకొక గది, వాళ్లకొక గది, నడుమ హాలు, ఒకే వంటిల్లు. అక్కాచెల్లెళ్లు విడిగా ఉంటామనరు. వాళ్లకు పిల్లల్లేరు. మాకు ఒక్కతే కూతురు, అప్పటికి పదకొండేళ్లు. అది పొద్దస్తమానం "చిన్నబాపూ, చిన్నబాపూ" అంటూ అతని వెనకే తిరిగేది. స్కూల్లో ఏం జరిగిందో అతనికి చెప్పాకే నాకు చెప్పేది. అది కూడా నాకు గిట్టేది కాదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

చేపలు మా ఇంటికి కరోనా ఏడాదిలో వచ్చాయి. మా పక్క వాటాలో నెల్లూరు నుంచి వచ్చిన ఒక దర్జీ కుటుంబం ఉండేది. వాళ్లమ్మాయి, మా అమ్మాయి ఒకే ఈడువాళ్లు, ఒకే బస్సులో బడికి పోయేవాళ్లు. కుట్టుకొట్టు మూతపడి, మళ్లీ తెరిచే దారి కనపడక, వాళ్లు సామాను సర్దుకుని ఇండియా విమానం ఎక్కేశారు. వెళ్లే రోజు ఆ పిల్ల ఒక బకెట్లో రెండు గోల్డ్‌ఫిష్‌లు తెచ్చి మా అమ్మాయి చేతికిచ్చింది. ఏడ్చుకుంటూ ఒక ఒప్పందం కూడా చేసుకున్నారు. ప్రతి శుక్రవారం అన్నాలు తిన్నాక వీడియో కాల్ చేసి చేపల్ని చూపించాలి. మళ్లీ వాళ్ల నాన్నకు వీసా దొరికి తిరిగొచ్చేదాకా వాటిని బతికించాలి. మా పిల్ల ఒట్టు పెట్టింది.

ఒట్టు అంటే ఒట్టే దానికి. ఏడాదిపాటు బియ్యం నానబెట్టే ప్లాస్టిక్ టబ్బులో ఆ రెండింటినీ పెంచింది. నీళ్లు ఒక రోజు ముందే పట్టి పక్కన పెట్టేది, తిండి గింజలు లెక్కపెట్టి వేసేది. ఒక్క శుక్రవారం కూడా కాల్ తప్పలేదు. అవి అరచేతంత అయ్యాయి. ఒక పొద్దున ఒకటి టబ్బులోంచి ఎగిరి గచ్చు మీద పడి కొట్టుకుంటుంటే, పిల్ల పెట్టిన కేకకు వీధిలో వాళ్లు కూడా తలుపులు తీశారు. దాన్ని నీళ్లలో వేశాక కూడా పిల్ల టబ్బు దగ్గర్నుంచి కదల్లేదు.

"బాపూ, పెద్ద తొట్టి గావాలె. గిట్లయితే సచ్చిపోతయ్. నేను నా దోస్తుకేం చెప్పాలె?" అంది.

నాకు గర్వంగానే అనిపించింది. అద్దం సంగతి నన్ను కాక ఎవరినడుగుతుంది? పదిహేడేళ్లుగా అదే నా అన్నం. సరే బిడ్డా, కొందామన్నాను. గోడకానుకుని టీ తాగుతున్న సడ్డకుడు వెంటనే అందుకున్నాడు.

"నైఫ్ బజార్ల నాకు తెలిసినోడున్నడన్నా. చేపల దుకాణం. మంచి మనిషి."

ఆ శుక్రవారం అతనే ఎవరిదో కారు అడిగి తెచ్చాడు. నేను సంచిలో స్పిరిట్ లెవెల్, మందం కొలిచే పరికరం, చిన్న టార్చి వేసుకున్నాను. నా భార్య అది చూసి, "చేపల తొట్టి కొననీకి పోతున్నరా, బిల్డింగు పాస్ చెయ్యనీకి పోతున్నరా?" అంది. నేను నవ్వలేదు.

నైఫ్ అంటే అసలు దుబాయ్‌లోని పాత బజారు, ఆ దుకాణం అక్కడ ఒక సన్నటి గల్లీలో ఉంది. లోపల ఎటు చూసినా బుడగల చప్పుడు, నాచు వాసన. యజమాని ఒక మలబారి, అంటే కేరళవాడు, యాభై దాటినవాడు. మా సడ్డకుణ్ని చూసి లేచొచ్చి భుజం తట్టాడు. తొట్టి మీద నాకు అక్కడే సగం మనసు విరిగింది. మూడడుగుల పొడవున్న తొట్టి ఒకటి మా కోసం ముందే తీసిపెట్టి ఉంచాడు. "మజ్‌బూత్ హై భాయ్" అన్నాడు. గట్టిదట. గట్టిదో కాదో నాకు చెప్తాడా?

ముందు మందం కొలిచాను. ఆరు ఎం.ఎం. మూడడుగుల పొడవు, అడుగున్నర ఎత్తు, ఆరు ఎం.ఎం. అద్దం, పైన అడ్డపట్టీ లేదు. నీళ్లు నిండగానే ముందు అద్దం పొట్ట ముందుకు తోస్తుంది. టార్చి వేసి మూలలు చూశాను. సిలికాన్‌లో గాలి బుడగలు. ఒక్క ఊపులో లాగిన గీత కాదు. నడుమ చెయ్యి ఆపి మళ్లీ మొదలుపెట్టిన చోట మడత స్పష్టంగా కనిపిస్తోంది. అక్కడే కదా రేపు కారేది! అంచుల మీద గోరు పెట్టి జరిపాను, రాపిడి పెట్టని పచ్చి కోత. చేప తోకకు తగిలితే చీరుకుపోతుంది. అడుగున అద్దానికీ బల్లకీ నడుమ ఫోమ్ షీటు లేదు. లెవెల్ పెట్టి చూస్తే బుడగ ఎడమకు పోయి కూర్చుంది, బల్లకు ఒక కాలు పొట్టి. ఇవన్నీ నిజాలే. ఈ రోజు అదే తొట్టిని నా ముందు పెట్టినా ఇవే చెప్తాను.

కానీ చెప్పిన తీరు వేరు. దుకాణంలో వేరే గిరాకీ ఉండగానే గొంతు పెంచాను. మా సైట్‌లో నీలాంటివాణ్ని సిలికాన్ ట్యూబు ముట్టుకోనివ్వరన్నాను. పదిహేనేళ్లుగా అమ్ముతున్నాను, ఒక్కటి కూడా పగల్లేదని అతను అంటే, పగిలినోడు నీ దగ్గరికి మళ్లీ ఎందుకొస్తాడు అన్నాను. చివరికి అతని మొహం ఎర్రబడింది.

"తో ఖుద్ బనా లో, ఉస్తాద్!" అన్నాడు. అయితే నువ్వే కట్టుకో అని.

"కడతా. చూద్దువు గానీ" అన్నాను నేను కూడా హిందీలోనే.

మా సడ్డకుడు నడుమ వచ్చి, "మాఫ్ కరో భాయ్" అంటూ అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. నా తరపున వాడు క్షమాపణ చెప్పడమేంటి? ఒళ్లు భగ్గుమంది నాకు. పిల్ల ఆ తొట్టి అద్దం మీద వేలు పెట్టి నిలబడి ఉంది.

"బాపూ, గిది మంచిగ లేదా?"

"గిది తొట్టి కాదు బిడ్డా, అట్టపెట్టె. బాపు కడతడు సూడు, ఏనుగు కూసున్నా పగలదు."

తప్పులన్నీ దిద్ది ఇమ్మంటే ఆ మలబారి దిద్ది ఇచ్చేవాడే. అడ్డపట్టీ వేయించుకోవచ్చు, బల్ల మార్పించుకోవచ్చు. ఆ మాట నాకు అక్కడే తోచింది, నోటిదాకా వచ్చింది. కానీ ఆ తొట్టి మా హాల్లోకి వస్తే, నా కూతురు ప్రతి శుక్రవారం ఫోన్‌లో "ఇది మా చిన్నబాపు తెచ్చిన తొట్టి" అని చెప్తుంది. నేను అది వినాలి. నా ఇంట్లో, అద్దం పని చేసే నేను. అందుకే వద్దనుకున్నాను.

యార్డులో గీత పడి పక్కన పెట్టేసిన పన్నెండు ఎం.ఎం. అద్దాలుంటే స్టోర్ వాణ్ని అడిగి, గేటు పాసు రాయించుకుని తెచ్చుకున్నాను. కోత నేనే కోశాను, అంచులు చెంపకు ఆనించినా గీరుకోనంత నున్నగా రాపిడి పెట్టించాను. సిలికాన్ మేము టవర్ల బయట వాడేదే, నల్లది. ఆ ట్యూబు మీద నాకు నా తోడబుట్టినవాళ్ల కంటే ఎక్కువ నమ్మకం. యాభై డిగ్రీల ఎండకు పగలదు, సముద్రం పక్క తేమకు బూజు పట్టదు. కొన్ని వేల ట్యూబులు నా చేతిలో ఖాళీ అయ్యాయి. మాస్కింగ్ టేప్ అంటించి, ఊపిరి బిగబట్టి, మూల నుంచి మూలకు ఒక్క ఊపులో లాగాను. ఎక్కడా చెయ్యి ఆపలేదు.

ఏడు రోజులు ఎవరినీ ముట్టుకోనివ్వలేదు, సైట్‌లో మా పద్ధతి అది. తర్వాత విల్లా వెనక వసారాలో పెట్టి, నిండా నీళ్లు పోసి, చుట్టూ టిష్యూ పేపర్లు పరిచి మూడు రోజులు వదిలేశాను. పేపరు మీద తడి మచ్చ ఒక్కటి లేదు. చుట్టుపక్కల వాటాల వాళ్లు వచ్చి వేలితో కొట్టి చూసి, షోరూముల్లో కూడా ఇంత మంచిది లేదన్నారు. నలుగురం పట్టుకుంటే గానీ హాల్లోకి రాలేదు. సడ్డకుడు కూడా ఒక పక్క పట్టుకుని, "సూపరున్నదన్నా" అన్నాడు.  మెచ్చుకోవడానికి వాడెవడు?

చేపల్ని వేయడానికి ముందు రోజు, గురువారం, నేను క్రేడిల్‌లో ఉండగా అతని ఫోన్ వచ్చింది.

"అన్నా, నువ్వు తొట్టికి వెట్టిన సిలికాన్ ట్యూబుది ఒక ఫోటో పంపరాదే."

"ఎందుకు?"

"నైఫ్‌ల ఉన్న. మలబారి అన్న అడుగుతుండు. ఏ ట్యూబో సూస్తడట, అన్ని ట్యూబులు చేపలకు..."

"ఏందిరా, నీ మలబారికి నేను పరీక్ష రాయాల్నా ఇప్పుడు? బుడగలు లేకుండ ఒక్క గీత గీయనోడు నాకు నేర్పుతడా? నీకు ట్యూబు పట్టుడు నేర్పింది ఎవడు?"

"అది గాదన్నా, ఒక్కసారి ఇను..."

"ఖలాస్. ఫోన్ వెట్టు."

నేనే పెట్టేశాను. తర్వాత ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. ఎవరి దగ్గర్నుంచో చూసి, వినకుండా వదిలేశాను.

శుక్రవారం పొద్దున పిల్ల తన చేతులతో ఒక్కోదాన్ని తొట్టిలోకి వదిలింది. అన్నాలయ్యాక కాల్‌లో నెల్లూరు పిల్ల చప్పట్లు కొట్టింది. "మా బాపు కట్టిండు! మా బాపే!" అని మా పిల్ల పది సార్లు చెప్పింది. ఆ పది సార్లూ సడ్డకుడు అక్కడే కూర్చుని ఉన్నాడు. నాకు కడుపు నిండిపోయింది.

శనివారం చేపలు తిండి ముట్టలేదు. ఆదివారం రెండూ నీళ్ల పైకొచ్చి నోళ్లు తెరుస్తూ మూస్తూ నిలబడ్డాయి. రెక్కల మొదట్లో ఎర్రటి చారలు వచ్చాయి. పిల్ల బెంబేలెత్తిపోయి నా చుట్టూ తిరిగింది. కొత్త ఇల్లు కదా, అలవాటైతే అవే బాగవుతాయన్నాను. గాలి పంపు ఇంకొకటి పెట్టాను. నీళ్లు ఒక్క చుక్క కారని తొట్టిలో తప్పేముంటుందని నా బుర్రకు తట్టలేదు.

సోమవారం గాలి ఎక్కువై సైట్‌లో క్రేడిళ్లు దింపేశారు. మధ్యాహ్నానికే ఇల్లు చేరాను. తలుపు తీసేసరికి, నా సడ్డకుడు మోచేతిదాకా చెయ్యి తొట్టిలో పెట్టి ఉన్నాడు. పక్కన పాత టబ్బు, అందులో ఒక చేప వెల్లకిలా తేలుతోంది. మా మరదలు బకెట్ పట్టుకుని నిలబడి ఉంది.  వెళ్లి కాలర్ పట్టుకుని వెనక్కి లాగాను.

"ఏం గలిపినవ్ రా నీళ్లల్ల?"

"అన్నా, నేనేం గలపలే, తీస్తున్న. జెర చెప్పేది ఇను..."

"ఇనేదేం లేదు! నీ మలబారి తొట్టి కొనలేదని కసి వెట్టుకున్నవ్. నా బిడ్డ నన్ను మెచ్చుకుంటె ఓర్వలేకపోయినవ్!"

ఆన్‌లైన్ క్లాసులో ఉన్న నా కూతురు హెడ్‌ఫోన్‌తో అలాగే గది గుమ్మంలోకి వచ్చింది. నా భార్య వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకుంది. అప్పుడైనా ఆగాల్సింది. ఆగలేదు.

"నాకు పిల్ల ఉన్నది, నీకు లేదు. గదే నీ కడుపుల కుళ్లు!"

మా మరదలు చేతిలో బకెట్ జారి నీళ్లన్నీ హాలంతా పారాయి. సడ్డకుడు నా చేతుల్ని కాలర్ మీంచి మెల్లగా తీసి, ప్యాంటుకు తడి చెయ్యి తుడుచుకుని తన గదిలోకి వెళ్లాడు. రెండో చేప మర్నాడు పొద్దునకు పోయింది. పిల్ల రెండింటినీ విల్లా వెనక ఇసుకలో పాతిపెట్టింది. నన్ను రావద్దంది.

గురువారానికి వాళ్లు గది ఖాళీ చేశారు. ఎవడో తెలిసినోడు అదే బనియాస్‌లో ఇంకో చోట గది చూపించాడట. సామాను మోసుకెళ్తుంటే నేను మంచం మీదే పడుకుని, ఫ్యాన్ వైపు చూస్తూ ఉన్నాను. పీడ పోయిందని పైకే అన్నాను. నా భార్య వింది. ఆ తర్వాత ఆమె నాతో కూర ఉప్పు గురించి తప్ప మాట్లాడలేదు. సైట్‌లో అడిగిన ప్రతివాడికీ మా సడ్డకుడు నీళ్లలో మందు కలిపి చేపల్ని చంపాడని చెప్పాను. ఒకరిద్దరు నమ్మారు కూడా.

నా కూతురు మాత్రం శుక్రవారానికి భయపడటం మొదలుపెట్టింది. మొదటి వారం నెట్ లేదని చెప్పి కాల్ ఎత్తలేదు. రెండో వారం చేపలు పడుకున్నాయని చెప్పింది. మూడో వారం కెమెరా పాడైందని. అబద్ధమాడి ఫోన్ పెట్టేశాక బాత్రూంలోకి వెళ్లి కుళాయి తిప్పి ఏడ్చేది. నీళ్ల చప్పుడులో కూడా నాకు వినిపించేది.

నాలుగో శుక్రవారం పొద్దున వంటింట్లో సింకు పక్క సందులోంచి నీళ్లు కారుతుంటే, తొట్టికి వాడగా మిగిలిన నల్ల ట్యూబు తీశాను. పిల్లను పిలిచి టార్చి పట్టుకోమన్నాను. సగం లాగాక, గుడ్డ తీసుకుందామని ట్యూబు దాని చేతికిచ్చాను. చేతిలో ఏముంటే అది చదవడం దాని అలవాటు, షాంపూ సీసా అయినా సరే. వెనక వైపు సన్న అక్షరాల ఇంగ్లీషు పైకే చదువుతూ పోయి, ఒక చోట ఆగింది. మళ్లీ మొదట్నుంచి చదివింది.

"బాపూ, గిది చేపల తొట్లకు వాడొద్దని రాసున్నది."

"ఏడ?"

వేలు పెట్టి చూపించింది. బూజు పట్టకుండా ఇందులో మందు కలిపారనీ, అక్వేరియంలకు వాడకూడదనీ ఉందట. నాకు ఆ ట్యూబు రంగు తెలుసు, నంబరు తెలుసు, ఎన్నాళ్లలో పాడవుతుందో ఆ తేదీ ఎక్కడుంటుందో తెలుసు. టవర్ల మీద చేపలుండవు. పదిహేడేళ్లలో దాని వెనక ఏం రాసుందో చదవాల్సిన పని నాకు పడలేదు. పొయ్యి దగ్గర నా భార్య గరిటె తిప్పడం ఆపింది. ఇటు తిరగలేదు.

"మరి చిన్నబాపు?" అంది పిల్ల.

 గదిలోకి వెళ్లి ఫోన్‌లో వెతికితే ఆ వాయిస్ మెసేజ్ ఇంకా ఉంది. విన్నాను. "అన్నా, కోపం జెయ్యకు. బూజుకు మందు కలిపిన ట్యూబైతే దాంట్ల చేపలు బతకవట. నీ పని మీద నాకు అనుమానం గాదు. ట్యూబు ఎనక రాసుంటదట, ఒక్కసారి బిడ్డతోని సదివియ్యు. అది ఒట్టు పెట్టిందన్నా." అంతే ఉంది. తిట్టొక్కటి లేదు.

చాలాసేపటికి అతనికి ఫోన్ చేశాను. ఎత్తింది మా మరదలు. ట్యూబు సంగతి చెప్పబోతే మధ్యలోనే ఆపింది.

"మాకు ఎర్కే బావా. ఆయన చేపల సంగతి ఎన్నడో ఇడిశిపెట్టిండు. నువ్వు నన్ను అన్నదే నేను ఇడిశిపెట్ట." పెట్టేసింది.

ఆమెను నేను ఏమీ అనలేదే, అతణ్ని కదా అన్నాను అనుకున్నాను ఒక్క క్షణం. అంత మొద్దు బుర్ర నాది.

ఇది చదివి నేను మారిపోయానని ఎవరూ అనుకోవద్దు. ఈ రోజుకీ వీధిలో ఆ వ్యాను కనిపిస్తే నాకు చిరాకే. మంచివాణ్ని ద్వేషించడం చెడ్డవాణ్ని ద్వేషించడం కంటే కష్టం, ఎంత వెతికినా ఒక్క సాకు చేతికి దొరకదు. ఆ రోజు నేను ఒక్కటే చేయగలిగాను, ఆ మధ్యాహ్నం ఇంట్లోంచి పారిపోలేదు.

అన్నాలయ్యాక ఫోన్ మోగింది. పిల్ల ఎత్తలేదు. ఫోన్ తెచ్చి నా ముందు పెట్టింది.

"నువ్వే చెప్పు. నేను ఇంక అబద్ధమాడ."

తెర మీద నెల్లూరు పిల్ల కనిపించింది. రెండు జడలు వేసుకుని, పండక్కి కుట్టించిన గౌను లాంటిది తొడుక్కుని ఉంది. వెనక వాళ్ల నాన్న కుట్టుమిషను చప్పుడు.

"అస్సలామాలేకుం అంకుల్! చేపల్ని చూపించండి అంకుల్. ఎప్పుడు చేసినా నిద్రపోతా ఉండాయంటాది ఇది."

"లేవు బిడ్డా. సచ్చిపోయినయ్."

ఆ పిల్ల మొహంలో నవ్వు వెంటనే పోలేదు. 

"రెండూనా?"

"రెండు."

"ఎట్ట చచ్చిపోయినాయి?"

నా కూతురు నా పక్కనే, నన్నే చూస్తూ నిలబడి ఉంది. సైట్‌లో అందరికీ చెప్పిన కథ నోటి చివరే ఉంది.

"నేనే సంపిన."

"మీరా? ఎందుకంకుల్?"

చెప్పడానికి నా దగ్గర చాలా ఉంది. ట్యూబు వెనక సన్న అక్షరాలు, బూజు మందు, నాకు ఇంగ్లీషు రాకపోవడం. అన్నీ నిజాలే. నా కూతురు కళ్లు నా మీంచి కదల్లేదు.

"కోపంతోని బిడ్డా" అన్నాను.

ఆ పిల్ల నా మొహాన్ని తెరలోంచి దగ్గరగా చూసింది. దానికి నిజంగా అర్థం కాలేదు.

"చేపల మీదా?" అని అడిగింది.

కాదన్నాను.  మా అమ్మాయి నా చేతిలోంచి ఫోన్ తీసుకుని వంటింట్లోకి వెళ్లి తలుపు వేసుకుంది.